సరిచేసిన చెవులు

ట్రక్కు తలుపు వేసిన చప్పుడు వినగానే ఇవాళ ఎవరికో మూడిందని నెరిడాకు అర్థమైంది. అన్న రాయిస్‌కు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. కానీ మామూలు కోపమైతే కుక్కను తిట్టుకుంటూ వస్తాడు. ఈసారి కుక్క కాళ్లకు అడ్డం పడినా ఏమీ అనలేదు. బురద బూట్లతోనే వంటింట్లోకి వచ్చి, బల్లమీద ఆమె వంశచరిత్ర రాస్తూ పరుచుకున్న అట్టలన్నిటినీ మోచేత్తో పక్కకు నెట్టి కూర్చున్నాడు.

"దొరికాడు," అన్నాడు.

"ఎవరు?"

"ఇంకెవరు, మెర్విన్ టోలండ్. మన గొర్రెలు వాడి దొడ్లో మేస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, డజనుకు తక్కువ లేవు. ఒక్కోదాని వెనక ఒక పిల్ల. ఆ పిల్లల చెవులకి వాడి గాటు! పచ్చి గాటు, రక్తం కూడా సరిగ్గా ఆరలేదు."

పొయ్యి పక్కన కూర్చుని టీలో బిస్కట్ ముంచుకుంటున్న మేనత్త ఓల్విన్ చెయ్యి ఆగింది. బిస్కట్ మెత్తబడి కప్పులో పడిపోయింది.

"వాగు దగ్గర కంచె వరదకి కొట్టుకుపోయింది కదా అన్నయ్యా," అంది నెరిడా. "అవే దాటి వెళ్లుంటాయి."

"వెళ్తే వెళ్లాయి. ఫోన్ చేసి చెప్పాలా వద్దా? సరే, మర్చిపోయాడనుకో. పిల్లల చెవులు గాలికి తెగాయా?"

తమ గాడ్స్‌బీ కుటుంబం గుర్తేమిటో, టోలండ్లదేమిటో ఆ లోయలో బడికెళ్లే పిల్లలకు కూడా తెలుసు. గాడ్స్‌బీలు గొర్రె ఎడమ చెవి కొనను అడ్డంగా, తిన్నగా కోసేస్తారు. టోలండ్లు అదే చెవి కొనలో మూడు మూలల చిన్న గాటు పెడతారు. కొన తెగిన తల్లి వెనక గాటున్న పిల్ల తిరుగుతోందంటే, ఎవరి సొమ్ము ఎవరు తిన్నారో వేరే చెప్పక్కర్లేదు.

"పోలీసుకి చెప్పేశాను. శుక్రవారం వస్తానన్నాడు," అన్నాడు రాయిస్. "శనివారం మనవాళ్లంతా దిగేసరికి ఈ లోయలో దొంగ ఎవడో తేలిపోవాలి."

"వాళ్లంతా దిగేదే ఒక దొంగకి దండ వెయ్యడానికి కదరా," అంది ఓల్విన్ అత్త.

రాయిస్ నవ్వలేదు. ఆమె మాటలో అబద్ధం కూడా లేదు. శనివారం గాడ్స్‌బీ వంశం వాళ్లంతా, టాస్మేనియా నలుమూలల నుంచీ సముద్రం దాటి మెల్బోర్న్ నుంచీ, జెత్రో గాడ్స్‌బీ పేరు మీద ఇక్కడ చేరుతున్నారు. ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో ఒక గొర్రెను ఎత్తుకుపోయినందుకు ఖైదీగా సంకెళ్లతో ఇక్కడికి ఓడ ఎక్కినవాడు జెత్రో. ఒకప్పుడు ఇంట్లో ఎత్తడానికే సిగ్గుపడిన పేరు ఇప్పుడు టోపీల మీద అచ్చయింది. కొన తెగిన చెవి బొమ్మ, కింద పేరు. గేటు మీద ఇనుప గొర్రె తలకు కూడా అదే చెవి. ఇదంతా నెరిడా చలవే. కొన్నేళ్లుగా చలికాలం వస్తే చాలు, హోబార్ట్ వెళ్లి పాత రికార్డుల ముందు కూర్చుని ముత్తాత తాతను వెతికి పట్టుకుంది. అతని ఎత్తు తెలుసు, భుజం మీద మచ్చ తెలుసు, ఎక్కిన ఓడ తెలుసు. శిక్ష తీరాక వాగు పక్కన చిన్న చెక్క భూమి ఇచ్చారనీ తెలుసు. ఆ చెక్కలో పిడికెడు గొర్రెలతో మొదలుపెట్టినవాడు పదేళ్లు తిరక్కుండా అంత మందకు ఎలా యజమాని అయ్యాడన్నదే ఎక్కడా దొరకలేదు. కష్టపడ్డాడని అట్టమీద రాసి, పక్కన సగం అట్ట ఖాళీగా వదిలేసింది. శనివారం ఆ మాటే అందరి ముందూ ఆమె చెప్పాలి.

"మెర్విన్ బతుకేమవుతుందో ఆలోచించావా?" అంది నెరిడా. "ఊరూరా తిరిగి ఉన్ని కత్తిరించి బతుకుతున్నాడు. గొర్రెల దొంగని ఎవరు షెడ్డులోకి రానిస్తారు?"

"ఆ ఆలోచన దొంగతనం చేసినప్పుడు వాడికుండాలి," అని రాయిస్ లేచాడు. బల్లకింద అతని బూట్ల బురద రెండు ముద్దలుగా మిగిలింది.

మర్నాడు గొర్రెపిల్లలకు చెవులు కోసే పని. ఏటా ఈ పనికి మెర్విన్ వచ్చేవాడు. పిల్లను పట్టుకుని, నాలుగు కాళ్లూ రెండు చేతుల్లో బిగించి, నడుము దొడ్డి అడ్డకొయ్య మీద ఆనించి ఇవ్వడంలో అతన్ని మించినవాడు లేడు. పిల్ల గింజుకోవడం కూడా మర్చిపోయేది. ఈసారి ఆ పనికి రాయిసే నిలబడ్డాడు. అతని చేతుల్లో ప్రతి పిల్లా ఒకటే తన్నడం.

నెరిడా కొయ్యకు ఇవతల. కుడిచేతిలో చెవి కట్టర్, మెడలో రబ్బరు రింగుల డబ్బా. పిల్ల రాగానే ఎడమ చెవి వేళ్ల మధ్య చదును చేసి, కట్టర్ నొక్కి, తోక ఎండి రాలిపోయేలా రింగు ఎక్కించి, అవతలికి దింపడం. పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు తండ్రి ఈ కట్టర్ చేతికిచ్చాడు. అప్పటినుంచీ ఈ మందలో ప్రతి చెవీ ఆమె కోసిందే. కిందపడిన చెవి ముక్కలు బూట్లకింద మెత్తగా తగులుతున్నాయి. పడమటి గాలికి తుమ్మపూల పొడి వచ్చి చేతుల రక్తానికి అంటుకుంటోంది.

మధ్యాహ్నం పిల్లల మధ్య ఒక పెద్ద గొర్రె ఇరుక్కుని దొడ్లోకి వచ్చింది. రాయిస్ దాన్ని గోడకు అదిమి, గడ్డం కింద చెయ్యి వేసి తల పైకెత్తాడు.

"చిరిగిన చెవి," అన్నాడు. "సరిచెయ్."

నెరిడా చెవి పట్టుకుంది. కట్టర్ నోరు తెరిచి కొనకు ఆనించింది. ఎన్నిసార్లు చేసిన పనో. ఏటా ఉన్ని తీసేటప్పుడు, చెవులు కోసేటప్పుడు ఇలాంటివి నాలుగైదు తగిలేవి. ముళ్లతీగకు చిక్కుకుని చిరిగి ఉంటాయి, చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి, కొన కోసి శుభ్రం చెయ్యమ్మా అనేవాడు తండ్రి. ఆయన తండ్రి ఆయనకు అదే చెప్పాడట. ఇంట్లో అందరూ దాన్ని సరిచెయ్యడమనే అనేవారు. ఆ మాట ఆమెకు పళ్లు తోముకోవడమంత మామూలు.

ఇవాళ ఎందుకో వేలు కదలలేదు. నిన్న అన్న అన్నమాట బుర్రలో తిరుగుతోంది. చెవులు గాలికి తెగాయా? ఆమె బొటనవేలు చెవి అంచుమీద ఆగింది. అక్కడ చీలిక లేదు, పీలికలు లేవు. రెండు పక్కలా సమానంగా, నున్నగా మూడు మూలల గాటు. ముళ్లతీగ అలా చింపదు.

"ఇది చిరిగింది కాదన్నయ్యా. టోలండ్ల గాటు."

"చిరిగిందంటున్నాగా."

"నువ్వే చూడు."

"నేను చూడక్కర్లేదు. మన దొడ్లో ఉంది, మన మందతో వచ్చింది. నాన్న ఏం చెప్పాడు? చిరిగిన చెవి కనబడితే సరిచెయ్యమన్నాడా లేదా?"

"అన్నాడు."

"మరి కానీ. దీన్ని పట్టుకుని నా నడుం విరుగుతోంది."

గొర్రె ఆమె మొహం మీద వెచ్చగా ఊపిరి వదిలింది. నెరిడా కట్టర్ దించేసింది. "పదును పోయింది," అని అబద్ధమాడి, వెనక్కి తిరిగి గుడ్డతో కట్టర్ తుడుస్తూ నిలబడింది. రాయిస్ కాసేపు ఆమె వీపు వైపే చూశాడు. తర్వాత గొర్రెను వదిలేశాడు. అది అవతల మందలో కలిసిపోయింది. కానీ పని మాత్రం ఇక సాగలేదు. ఏదో వంక చెప్పి ఇద్దరూ పొద్దుండగానే ఆపేశారు.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "అత్తా, మీ చిన్నప్పుడు కూడా చెవులు చిరిగేవా?"

ఓల్విన్ అత్త బంగాళాదుంప చెక్కు తీస్తోంది. ఎనభై దాటినా ఆమె తీసే చెక్కు తెగకుండా పొడుగ్గా వేలాడుతుంది.

"చిరక్కేం. ఏడాదికిన్ని చిరిగేవి. కట్టర్ మా అన్నయ్య పట్టుకునేవాడు, గొర్రెను మా నాన్న పట్టుకునేవాడు." దుంప నీళ్లలో వేసింది. "చోద్యమేమిటంటే, టోలండ్ల కొండవైపు మేసిన గొర్రెల చెవులే చిరిగేవి. వాగు ఇవతల అంత ముళ్లకంచె ఉందా, అక్కడ ఒక్కటీ చిరిగేది కాదు."

"మీరు అడగలేదా?"

"అడిగాను. చెంప పగిలింది," అంది ఓల్విన్ అత్త. ఇంకో దుంప తీసుకుంది. "నువ్వు ఆ ఖైదీ ఎక్కడివాడో కనిపెట్టడానికి హోబార్ట్ దాకా పోయావు. నేనేమన్నాను? తవ్వకే, మన ఇంట్లో తవ్వితే మంచి వాసన రాదే అన్నాను. విన్నావా?"

నెరిడా కుళాయి కట్టలేదు. తన చేతులనే చూసుకుంటోంది. ఆ చేతులమీద కోపం వచ్చింది. తండ్రి మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల చేతికి కట్టరిచ్చి, బాగా కోశావమ్మా అని తల నిమిరిన మనిషి.

గురువారం రాయిస్ కూలిన కంచె ఎత్తడానికి పోగానే ఆమె కొండ ఎక్కింది. పైన మెర్విన్‌కు మిగిలింది రాళ్లు తేలిన కొద్దిపాటి బీడు, రేకుల ఇల్లు, ఒక దొడ్డి. అక్కడినుంచి చూస్తే కింద గాడ్స్‌బీల పచ్చిక వాగు పొడుగునా కనిపిస్తుంది. మెర్విన్ గుమ్మంలో కూర్చుని ఉన్ని కత్తెర బ్లేళ్లు నూరుతున్నాడు. ఆమెను చూసీ లేవలేదు.

"మీ అన్న తుపాకీ ఇచ్చి పంపాడా?"

"అన్నయ్యకి తెలీదు నేనొచ్చినట్టు."

"అయితే టీ తాగుతావా?"

"ముందు గొర్రెల్ని చూడనీ."

అతను దొడ్డివైపు గడ్డంతో చూపించాడు. నెరిడా లోపలికెళ్లి ఒక గొర్రెను మూలకు తోసి చెవి పట్టుకుంది. కొన తిన్నగా తెగి ఉంది. గాడ్స్‌బీల చెవే, ఎవరూ కాదనలేరు. కానీ పిల్లప్పుడు కోసిన చెవి అంచు పెరిగేకొద్దీ పలచబడుతుంది, దానిమీద బొచ్చు కమ్ముతుంది. ఇది అలా లేదు. అంచు తాడులా లావుగా, బోడిగా, గట్టిగా తగులుతోంది. పెరిగిన తర్వాత కోసిన చెవి. ఇంకోటి పట్టుకుంది. అదీ అంతే. మూడోది పట్టుకునే ఓపిక లేక కొయ్యకు చేరగిలబడింది. ఇవన్నీ టోలండ్ల గాటుతో పుట్టి పెరిగినవి. ఆ గాటును కొనతో సహా కోసి పారేసింది తనే.

మెర్విన్ టీ కప్పు తెచ్చి కొయ్యమీద పెట్టాడు.

"నీకు తెలుసా?" అంది.

"మా తాతకే తెలుసు. గాడ్స్‌బీ చెవి మన చెవిని మింగేస్తుందిరా, మనది వాళ్లదాన్ని మింగలేదు అనేవాడు. లేని కొనలో గాటెక్కడ పెడతాం?" అన్నాడు. "మీ జెత్రో అన్నీ ఆలోచించే ఆ గుర్తు పెట్టుకున్నాడు. ఈ కొండ కింద బీడు కూడా అప్పుడు మాదే. ఏటా కొన్ని తగ్గితే మనిషి ఎన్నాళ్లు నిలబడతాడు? మా పెద్దలు అమ్ముకున్నారు. కొన్నదెవరో నీకు చెప్పక్కర్లేదుగా."

నెరిడాకు బల్లమీద సగం ఖాళీగా ఉన్న అట్ట గుర్తొచ్చింది. టీ చేదుగా ఉంది. అయినా తాగింది.

"ఇన్నేళ్లు మా దొడ్లోకి పనికొచ్చావు. నేను కోస్తుంటే నువ్వే పట్టుకున్నావు. ఒక్కమాటైనా అనలేదేం?"

"పెద్ద గొర్రె వస్తే మీ అన్న నన్నెప్పుడైనా పట్టుకోనిచ్చాడా? నువ్వు పోయి టీ తాగిరారా మెర్విన్ అనేవాడు." నవ్వాడు కానీ మొహంలో నవ్వు లేదు. "అయినా ఎవరితో చెప్పను? ఈ లోయలో సగం షెడ్లు మీ చుట్టాలవి. కూలి పోగొట్టుకుని న్యాయం తినమంటావా? ఈసారి కంచె పోయింది. ఇవి వాటంతటవే పుట్టినచోటికి ఎక్కొచ్చాయి. వచ్చాక వెనక్కి తోలడానికి చేతులు రాలేదు. వాటి పిల్లలకి నా గాటు పెట్టాను. అది దొంగతనమైతే పెట్టమను కేసు."

"రేపు పోలీసు ముందు నేను చెప్తాను."

"ఏం చెప్తావు?"

"ఈ చెవులు నేనే కోశానని."

మెర్విన్ చేతిలోని బ్లేడు బొటనవేలిమీద ఆనించి పదును చూసుకున్నాడు.

"చెప్పు. కానీ చెప్పాక నేను పెద్దమనసు చేసుకుని పోనీలే అంటానని మాత్రం అనుకోకు, నెరిడా. ఆ మాట నా నోటినుంచి రాదు. అది తెలిసే రా."

ఆమె తలూపింది. కొండ దిగడం మొదలుపెట్టింది. రేపు పైకి రాకుండా ఉండిపోవచ్చు. చెవి చెవే, గుర్తు గుర్తే, పోలీసుకు అంతకుమించి అక్కర్లేదు. శనివారం నాలుగు మంచి మాటలు చెప్పి, కేకులు పంచి, ఫొటోలు దిగి నిద్రపోవచ్చు. ఇంటికి చేరేదాకా మనసులో ఇదే పెనుగులాట. ఇంటి ముందు రాయిస్ నిచ్చెన వేసుకుని గేటు మీది ఇనుప గొర్రెకు కొత్త నల్లరంగు పూస్తున్నాడు. చెవి దగ్గర నాలుక బయటపెట్టి మరీ జాగ్రత్తగా పూస్తున్నాడు. అతన్ని అలా చూసేసరికి ఆమెకు ఏడుపొచ్చింది.

శుక్రవారం పొద్దున పోలీసు డన్‌స్టన్ వచ్చాడు. ముప్పై ఏళ్లు లేవు. చిన్నప్పుడు వాళ్ల నాన్న వెంట ఇదే లోయలో షెడ్లలో ఉన్ని ఊడ్చినవాడు. రాయిస్ కొత్త టోపీ పెట్టుకుని కొండమీదికి ముందు నడిచాడు, వెనక నెరిడా. మెర్విన్ గొర్రెల్ని ముందే దొడ్లో పెట్టి, పిల్లల్ని వేరే చేసి ఉంచాడు.

"వదులు," అన్నాడు డన్‌స్టన్.

మెర్విన్ తలుపు తీశాడు. పిల్లలన్నీ ఒక్కసారి అరుచుకుంటూ తల్లుల మధ్యకు ఉరికాయి. కాసేపు ఏది ఎవరిదో తెలియలేదు. తర్వాత ఒక్కో పిల్లా ఒక్కో తల్లి పొదుగు కింద తల దూర్చి తోక ఆడించడం మొదలుపెట్టింది. కొన తెగిన తల్లులు, గాటున్న పిల్లలు.

"ఇంకేం కావాలి?" అన్నాడు రాయిస్. "కళ్లముందుంది."

డన్‌స్టన్ ఇబ్బందిగా మెర్విన్ వైపు తిరిగాడు. "ఏమంటావు మెర్విన్ బాబాయ్?"

"నేనేమీ అనను. ఆమెనడుగు."

"ఆమెనేమిటి అడిగేది?" రాయిస్ గొంతు లేచింది. "నెరిడా, నువ్వు ఇంటికి పో."

నెరిడా కదల్లేదు. దగ్గరున్న గొర్రెను పట్టుకుని చెవి ఎత్తి చూపించింది.

"ఇవి మెర్విన్ గొర్రెలు. వాటి గాటు కోసేసింది నేను. ఇవే కాదు, ఇంకా ఎన్నో. చిరిగిన చెవులని చెప్పేవాళ్లు, నేను కోసేదాన్ని. పెద్దయ్యాక కోసిన చెవి ఎలా ఉంటుందో పట్టుకుని చూడు."

డన్‌స్టన్ పట్టుకుని చూశాడు. ఇంకోటి పట్టుకున్నాడు. అతనికీ గొర్రెలు తెలుసు, ఆమె వివరించాల్సిన పని లేకపోయింది.

"దీనికి మతి పోయింది," అన్నాడు రాయిస్. "పాత కాగితాలు తిరగేసి తిరగేసి పిచ్చెక్కింది. రేపు రెండొందల మంది వస్తున్నారే! వాళ్లకేం చెప్తావు?"

"నిజమే చెప్తాను. జెత్రో తాత ఒక్క గొర్రెను దొంగిలించి ఆపలేదని. మనమూ ఆపలేదని. నువ్వు ఆ చెవి ఒక్కసారి పట్టుకో అన్నయ్యా. ఒక్కసారి. తర్వాత నాకు పిచ్చి అను."

రాయిస్ పట్టుకోలేదు. కొయ్యకు అవతల నిలబడి గొర్రెలవైపు చూస్తున్నాడు.

డన్‌స్టన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఈ లోయలో పుట్టి, గాడ్స్‌బీల వంటింట్లో కేకులు తిని పెరిగిన మనిషికి ఇది పెద్ద చిక్కే. "చూడు బాబాయ్," అన్నాడు మెర్విన్‌తో మెల్లగా. "ఇక నీమీద కేసేం ఉండదు. ఈమె ఇలా చెప్పింది కాబట్టి నీ గొర్రెలు నీవే. ఇంతటితో..."

"ఇంతటితో కాదు," అన్నాడు మెర్విన్. "నేను ఫిర్యాదిస్తున్నాను. రాసుకో."

"ఈమె మీదా?"

"కోసింది తనేనంది కదా."

నెరిడా ఎదురుచూసిన మాటే. తల ఊపింది. డన్‌స్టన్ పుస్తకం తీసి, పేజీ తిప్పి, కలం మూత నోటితో లాగాడు. పేరు తెలిసినా అడగాలి కాబట్టి అడిగాడు.

"పేరు?"

"నెరిడా గాడ్స్‌బీ."

"దేని గురించని రాయను?"

"గొర్రెల దొంగతనం," అంది. ఇదే మాట హోబార్ట్‌లో, పసుపెక్కిన కాగితం మీద, జెత్రో పేరు పక్కన చదివింది. అప్పుడు గర్వంగా నవ్వుకుంది. ఇప్పుడు చెవులు వేడెక్కి, కన్నీళ్లు చెంపలమీదికి దిగుతుంటే తుడుచుకోకుండా నిలబడింది.

రాయిస్ కొయ్య దాటి లోపలికొచ్చాడు. ఆమె పట్టుకున్న గొర్రె దగ్గర వంగి, చెవి అంచును బొటనవేలితో ఒక కొసనుంచి ఇంకో కొసకు తడిమాడు. మళ్లీ తడిమాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. లేచాక టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు.

"డన్‌స్టన్," అన్నాడు. "దాని పేరు రెండో లైన్లో రాయి. కోసింది అది. తల ఎత్తి పట్టుకుంది నేను. అది చెవి ఒక్కటే చూసేది, నేను మొత్తం గొర్రెను చూసేవాణ్ణి. నాకు తెలుసు."

డన్‌స్టన్ కలం గాల్లోనే ఆగింది. అతను మెర్విన్ వైపు చూశాడు, ఇప్పుడైనా వద్దంటాడేమోనని.

"మొదటి లైన్లో రాయి," అన్నాడు మెర్విన్. "రాయిస్ గాడ్స్‌బీ. అక్షరాలు సరిగ్గా రాయి."